దుంగ తూకం

"బరువు తేలందే ఈ దుంగ నా లేత్ ఎక్కదు వదినా," అని మరిది, దుంగను గుండ్రంగా తిప్పి చెక్కే ఆ యంత్రం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

వదిన దుంగను రెండు చేతులా పొదువుకునే ఉంది. గాలివానకు పడిపోయిన వీధి మలుపు చెట్టుది అది. భర్త తనను మొదటిసారి పలకరించింది ఆ చెట్టు కిందే. దాన్ని ముక్క చేయకుండా పెద్ద పూలకుండీగా చెక్కించాలని ఆమె పట్టు.

"ముప్ఫై అయిదు కిలోలే ఈ మిషన్ ఓపిక. దాటిందా, తిరిగే దుంగ ఊడొచ్చి నా మొహం పచ్చడి చేస్తుంది. ఆ బరువు లోపే ఉంటే నిమిషానికి మూడు వందల చుట్లు మించకుండా తిప్పుతా. పెద్దదానికి నిదానమే మందు."

"అయితే తూచు."

"నాకు నడుము పట్టేసింది. నువ్వే దుంగతో సహా ఎక్కు," అంటూ మనుషులు బరువు చూసుకునే మిషన్‌ను కాలితో ముందుకు తోశాడు.

వదిన ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ మిషన్ మొహం చూడటం ఆమె ఎప్పుడో మానేసింది. అయినా చెట్టు కోసం ఎక్కింది.

"నూట రెండు. ఇందులో నువ్వెంత?"

"యాభై ఎనిమిది." తడుముకోలేదు. భర్తకూ ఎప్పుడూ అదే అంకె చెబుతుంది.

"అంటే దుంగ నలభై నాలుగు. కోసెయ్యాల్సిందే." దుంగను బల్ల మీదికి దొర్లించి రంపం అందుకున్నాడు.

"నా మాట నమ్మి కోసేస్తావా?"

"నమ్మాను కాబట్టేగా కోస్తున్నా!"

రంపం పళ్లు బెరడును తాకాయి. వదిన అతని చెయ్యి పట్టుకుంది.

"డెబ్బై!" అని అరిచి, వెంటనే గొంతు తగ్గించింది. "నా బరువు డెబ్బై. మీ అన్నయ్య చెవిన పడిందో, నీ సంగతి చెప్తా."

"అయితే దుంగ ముప్ఫై రెండే. బంగారంలా తిరుగుతుంది. నీ రహస్యం నా కడుపులోనే ఉంటుంది, పో వదినా."

పరువు పోయినా చెట్టు దక్కిందని ఆమె సంతోషంగా బయటపడింది. గేటు దాకా వెళ్లాక, కుండీ ఎప్పుడిస్తాడో అడగలేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చింది.

నడుము పట్టేసిన మరిది దుంగను ఒక్క ఊపున ఎత్తి లేత్ దగ్గరికి మోస్తున్నాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్.

"నిన్న మనం తూచిన దుంగ ముప్ఫై రెండూ పోను, వదిన డెబ్బై అన్నయ్యా! తనే ఒప్పుకుంది కూడా. తన పుట్టినరోజు ఉయ్యాలకి నువ్వు తెచ్చిన, అరవై కిలోలే మోసే ఆ కొక్కెం వెంటనే మార్చెయ్!"