మూడు కిలోల బరువు

“మెత్తటి స్ప్రింగులా! చెన్నై రేసు పెట్టుకుని ఇదేం పనండీ? మలుపులో కారు పక్కకి ఒరిగిపోద్ది,” అన్నాడు ఇశ్రాయేలు.

“రేసుకి వెళ్ళడం లేదు. మార్చెయ్,” అన్నాడు లక్ష్మీకాంత్.

చిల్లకల్లు హైవే మీద ఇశ్రాయేలుది స్ప్రింగుల షాపు. ఆరు నెలల కిందట ఈ రెండు సీట్ల ఎర్రకారుకి ఉన్నవాటిలోకెల్లా గట్టి స్ప్రింగులు ఏరి వేయించుకున్నది ఈ పెద్దమనిషే. “పుష్కరాలకి వేసిన రోడ్డు అప్పుడే గతుకులు పడింది. నా నడుం విరుగుతోందండీ, కాస్త మెత్తవి వేయించండి” అని భార్య ఉషశ్రీ ఎంత మొత్తుకున్నా వినలేదు. “రేసు కారులో ఉయ్యాల కావాలంటే ఎట్టాగమ్మా!” అని ఇశ్రాయేలు కూడా వంతపాడాడు.

“ఆ రోజే అమ్మగారి మాట వినుంటే ఈ తిప్పలు తప్పేవి గదండీ.”

“వినుండాల్సింది,” అన్నాడు లక్ష్మీకాంత్, మాసిన గడ్డం తడుముకుంటూ.

అతను రాగానే ఒక గుడ్డసంచి తెచ్చి షెడ్డు ముందున్న వేపకొమ్మకు తగిలించాడు. “అన్నం క్యారేజీ లోపల పెట్టుకోండి, కాకులు పొడుస్తాయి” అని ఇశ్రాయేలు అంటే, “వద్దులే, అక్కడే ఉండనీ” అన్నాడు.

ఇశ్రాయేలు అతన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, అమ్మగారికి బదులు పక్క సీట్లో సిమెంటు బస్తా పెట్టాడు. బరువుకి కారు ఎంత కుంగిందో తెలియడానికి టైరు పైన ఎన్ని వేళ్ళ సందు ఉందో చూడబోయాడు.

“బస్తా తీసెయ్. అంత బరువుండదు.”

“మరెంతండీ?”

“మూడు కిలోలు.”

ఇశ్రాయేలు మొహం చేటంతయింది. “ఓరి నా మతిమండా! ముందే చెప్పరేందండీ! పాపా, బాబా?”

లక్ష్మీకాంత్ మొహం తిప్పుకుని, బస్తా తనే కిందికి దించసాగాడు. దిష్టి తగులుతుందని భయం కాబోలు అనుకున్నాడు ఇశ్రాయేలు. ఆ రోజు కడుపుతో ఉన్న మనిషినా ఎగతాళి చేసింది! నాలుక కరుచుకుని, ఉన్నవాటిలోకెల్లా మెత్తటివి ఏరాడు. బిగించి, నొక్కి చూసి, నచ్చక విప్పి, మళ్ళీ బిగించాడు.

“ఇక ఉయ్యాలేనండీ. గతుకులొచ్చినా నిద్ర చెదరదు.”

లక్ష్మీకాంత్ వేపకొమ్మ మీది సంచి దించాడు. అందులోంచి మూతికి తెల్లగుడ్డ కట్టిన మట్టి ముంత తీసి, పక్క సీట్లో పెట్టి, ఒరిగిపోకుండా చుట్టూ తువ్వాలు సర్దాడు.

“ముక్త్యాల రేవులో కృష్ణలో కలిపేదాకా ఉయ్యాల్లోలాగే తీసుకెళ్తా ఉషా…”