అయిదు ఇంగ్లీషు ముక్కలు

"గేవ్!" అంటూ పర్శరాములు మగ్గం తొక్కాడు. మగ్గం మీద నూలు లేదు.

"డిడ్ నాట్ తర్వాత గేవ్ అనొద్దని చెప్పిన గదా. డిడ్ నాట్ గివ్. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అన్నాడు యెషయా. మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి.

"నేను ఇయ్యలే. గంతే గదా సారూ! గా మాటకు గిన్ని వంకరలా?"

"జరిగిపోయింది ఆఫీసరు దొర ముందట చెప్పాలంటే గట్లనే చెప్పాలె."

జరిగిపోయింది ఇది. 1952. నూలు కోటా కార్డు మీద వచ్చే రోజులు. నూలు దఫ్తరులో దొర కింది గుమాస్తా, పేష్కారు రామచంద్రం మగ్గాలు చూడడానికి సుల్తానాబాద్ వచ్చాడు. రెండు చీరలు ఊరికే ఇమ్మన్నాడు. పర్శరాములు ఇవ్వలేదు. పేష్కారు నడుస్తున్న మగ్గాన్ని చూస్తూనే, బందైందని రాసుకుపోయాడు. కోటా ఆగింది. మూడు నెలలుగా పర్శరాములు భార్య అనసూర్య నాట్లకు కూలి పోతోంది.

పర్శరాములు కరీంనగర్ దఫ్తరుకు మూడుసార్లు పోయాడు. మూడుసార్లూ రామచంద్రం తలుపు దగ్గరే ఆపాడు. అర్జీ కాగితం తీసుకుని లోపలికి పోయాడు. బయటకు వచ్చాడు.

"దొర కాదన్నడు."

"నేనే చెప్పుకుంట. జర లోపలికి పోనియ్యి."

"పోయి ఏం చెప్తవ్? కొత్త దొరకు ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క రాదు. నీకేమో మగ్గం తప్ప ఇంకోటి రాదు. నడుమ నేను లేకుంటే మీరిద్దరు మూగోళ్లే."

వరుసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. లోపల దొర టెలిఫోనులో ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. పర్శరాములు విన్నాడు. అటునుంచి అటే యెషయా ఇంటికి పోయాడు.

సారు అయిదు ముక్కలు నేర్పాడు. నేను బట్ట నేసిన. పేష్కారు వచ్చిండు. రెండు చీరలడిగిండు. నేను ఇయ్యలే. మగ్గం బందైందని రాసిండు.

పన్నెండు రోజులు ఖాళీ మగ్గం తొక్కుతూ వీటినే అప్పజెప్పాడు. వీవ్ కాదు, వోవ్. కమ్ కాదు, కేమ్. నాలుక తిరగనప్పుడల్లా రామచంద్రాన్ని తిట్టాడు.

"ఏమయ్యా, తిట్లు మాత్రం ఇంగ్లీషుల నేర్పలేదా సారు?" అంది అనసూర్య.

పదమూడో రోజు దఫ్తరు తలుపు దగ్గర రామచంద్రం చేయి అడ్డం పెట్టాడు.

"మళ్ల వచ్చినవా? కాగితమేది?"

"కాగితం లేదు. నోరుంది."

పర్శరాములు ఆ చేతిని తోసేసి లోపలికి పోయాడు. రామచంద్రం వెనకే ఉరికొచ్చి భుజం పట్టుకున్నాడు. దొర తల ఎత్తాడు.

"ఐ వోవ్ క్లాత్. పేష్కార్ కేమ్. హి ఆస్క్‌డ్ టూ సారీస్." పర్శరాములు భుజం విదిలించుకున్నాడు. "ఐ డిడ్ నాట్ గివ్! హి రోట్, లూమ్ క్లోజ్‌డ్!"

 

దొర కలం కింద పెట్టాడు. రామచంద్రం వైపు చూశాడు. రామచంద్రం నేల చూశాడు. దొర కుర్చీ చూపించాడు.

"కూసో పెద్దాయనా, గిదంత ఇగ మన తెలుగుల చెప్పు, మాది సిరిసిల్లనే, మా బాపుది గూడ మగ్గమే."