గృహదర్శనం పాఠం

చావు కబురు ఎట్లా చెప్పాలో నేర్పించమంటూ శుభాకర్ వచ్చేసరికి సరోజమ్మ వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది.

జమ్మలమడుగు బైబిల్ ట్రైనింగ్ స్కూల్లో ఏళ్ల తరబడి గృహదర్శనం పాఠం చెప్పి రిటైరైన మనిషి ఆమె. సువార్త పనికి పోయేవాళ్లు ఒక ఇంటికి ఎట్లా వెళ్లాలో, ఎట్లా కూర్చోవాలో, ఏం మాట్లాడాలో ఆమె దగ్గరే నేర్చుకునేవాళ్లు. శుభాకర్ ఆమె చివరి బ్యాచ్. వెనక బెంచీ. అందులోనూ నిద్ర.

"ఆ పొద్దు నిద్రపోతివి. ఈ పొద్దు అవసరం పడిందా?" అని నవ్వింది. "వాకిట్లో నిలబడినావేంది, లోపలికి రా."

శుభాకర్ వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"ఒక తల్లికి చెప్పాల టీచరమ్మా. తెల్లార్జామున కొడుకు పోయినాడు, రోడ్డు మీద. ఆమెకింకా తెలీదు. పాస్టరయ్య నన్నే పొమ్మన్నాడు."

సరోజమ్మ చేతిలో కాయ ఆగింది. "అయ్యో తండ్రీ. ఎవురామె?"

"ఇంటోళ్లకు తెలీకముందు ఇంగొకరికి పేరు చెప్పగూడదని మీరే గదా..."

"అదొక్కటన్నా గుర్తుందే." పాఠం వృథా పోనందుకు ఆమెకు ఆ బాధలోనూ కాస్త తృప్తి కలిగింది. "ఇట్లాంటి పనికి ఇద్దరు పోవాలప్పా. మా పిల్లోడు జాన్సన్ వేంపల్లెలో ఉండాడు గానీ, ఈడుంటే నీకు తోడు పంపిస్తాంటి. వానికి ఈ పని బాగా చేతనవుతుంది."

శుభాకర్ ఒక అనపకాయ తీసుకుని ఒలిచి, గింజలు చేటలో వేశాడు.

సరోజమ్మ పాఠం ఎత్తుకుంది. ఎత్తుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. గడప బయట నిలబడి చెప్పకూడదు. లోపలికి పోయి కూర్చోవాలి. వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగాలి. సీరియస్‌గా ఉందని అబద్ధమాడి ఆశ పెట్టకూడదు. దేవుని చిత్తం అనే మాట ఆ రోజు అసలు ఎత్తకూడదు.

"మా ఆయన పోయినప్పుడు నన్ను ఈ వాకిట్లోనే నిలబెట్టి చెప్పిపోయిరి. చెప్పినోని మొగం గుర్తులేదు. నేను పడిపోతే పట్టుకునేదానికి పక్కన ఎవురూ లేకపోయిరి. అది గుర్తుంది."



"నాకు భయంగా ఉంది టీచరమ్మా," అన్నాడు శుభాకర్. "నాకు శానాసార్లు అన్నం పెట్టినామె."

"అట్లయితే నువ్వే చెప్పాల. తెలీనోళ్ల నోట వినేదానికంటే అది మేలు. మరి ఈడ కూర్చుంటివే? చావు కబురు చల్లగా చెప్తావా?"

మందలిస్తూనే లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఏడుపొస్తేనో?"

"వస్తే ఏడువు, తప్పేముంది? ముందు ఆమె చేతులు పట్టుకో. తర్వాత పేరు పెట్టి చెప్పు. పేరు చెప్పకపోతే ఏ తల్లీ నమ్మదు." రెండు చేతులూ ముందుకు చాపింది. "ఏదీ, ఎట్లా పట్టుకుంటావో చూపీ."

శుభాకర్ నీళ్లన్నీ తాగి, చెంబు కింద పెట్టి, ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, "అమ్మా, మన జాన్సన్ చనిపోయినాడు," అన్నాడు.