బొమ్మ ఆగద్దు

"గొంతు ఇనపడకున్నా సరేనన్నా, బొమ్మ మాత్రం ఆగద్దు," అన్నాడు పురుషోత్తం మూడోసారి.

మాజిద్ చేతిలోని ఫోను బల్ల మీద పెట్టి చెల్లెలు సబా వైపు చూశాడు. జనగామ బస్టాండుకు ఎదురుగా అన్నాచెల్లెళ్లిద్దరూ నడిపే సెల్ షాపు అది. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు చెక్కే పురుషోత్తం ఎల్లుండి జపాన్ పోతున్నాడు. అక్కడేదో హస్తకళల ప్రదర్శన, పన్నెండు రోజులు. అక్కడ పనిచేసే ఈసిమ్ ఒకటి చూసి ఫోనులో వేసిమ్మని వచ్చాడు.

మాజిద్ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసిమ్ అంటే చేతికిచ్చే ముక్క కాదు. ఇక్కడే స్కాన్ చేసి ఫోనులో ఎక్కిస్తే, అక్కడ విమానం దిగాక ఆన్ చేసుకోవడమే. ఉన్న సిమ్ము తీయనక్కర్లేదు. అందులో రెండు రకాలున్నాయి. మొదటిది ఎంతైనా వాడుకోవచ్చు గానీ, రోజుకు ఒక జీబీ దాటగానే నెట్ నెమ్మదిస్తుంది. మాటలకు ఢోకా లేదు, వీడియో మాత్రం ఆగి ఆగి వస్తుంది. రెండోది మొత్తం ఇరవై జీబీలు. చివరిదాకా వేగం తగ్గదు, అయిపోతే మాత్రం అంతే. ఇంటికి మాట్లాడుకునేవాళ్లు ఎవరైనా మొదటిదే తీసుకుంటారు.

పురుషోత్తం రెండోదే కావాలన్నాడు.

"పెండ్లై ఎన్నేండ్లాయెనే అన్నా?" అడిగాడు మాజిద్.

"ఆరేండ్లు."

"ఆరేండ్లయినంక గూడ పన్నెండు దినాలు మొకం సూడకుంటె బువ్వ దిగదా? మా దగ్గరికొచ్చే కొత్త పెండ్లికొడుకులే నయమున్నరు."

పురుషోత్తం సిగ్గుపడ్డట్టు తల వంచుకున్నాడు గానీ మాట మార్చుకోలేదు.

సబాకు నవ్వు రాలేదు. ఆమె భర్త కైసర్ మస్కట్‌లో ఉంటాడు. రోజూ ఫోను చేస్తాడు. వీడియోలో కనబడమంటే గదిలో ఇంకో నలుగురున్నారని తప్పించుకుంటాడు. ఆ గొంతు విని విని, నవ్వినప్పుడు అతని ముఖం ఎట్లా మారేదో ఆమెకు గుర్తుకు రావడం మానేసింది. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ ఆ నవ్వును తలపులోకి తెచ్చుకోవాలని చూస్తుంది, సగం దాకా వచ్చి చెదిరిపోతుంది. పన్నెండు రోజుల ఎడబాటుకే ఇంత ఆరాటపడే మగవాడు ఎదురుగా నిలబడితే, ఎన్నడూ చూడని అతని భార్య మీద ఆమెకు చిన్న ఈర్ష్య కలిగింది.

అది ఎక్కువసేపు నిలవలేదు.

ఇంట్లో భార్య ఫోనుకు ఒక స్టాండు కూడా కావాలన్నాడు పురుషోత్తం. ఫోను చేత్తో పట్టుకునే పని ఉండకూడదట. సబా రెండు మూడు తీసి ముందు పెడితే, వాటిలో పొడుగుదాన్ని ఎంచి తన ఫోను దానికి తగిలించాడు. జర వెనక్కి నిలబడమని ఆమెను బతిమాలి, తెర మీదకు వంగి చూశాడు.

"మొకమొక్కటే గాదు చెల్లె, నడుం దాక కనవడాలె. రెండు చేతులు గూడ పడాలె."

సబాకు అసలు సంగతి తెలిసినట్టయింది. ముఖం చూసుకోవాలన్న ఆశ కాదన్నమాట ఇది. ఆ ఇల్లాలు ఏం పట్టుకుంటుందో, ఏం దాస్తుందో అంత దూరం నుంచి కూడా కాపలా కాయాలని. కైసర్ ముఖం చూపించకపోతేనేం, ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు అని ఏనాడూ నిలదీయలేదు.

షాపుకు వచ్చినవాళ్లతో అవసరానికి మించి మాట్లాడని సబా ఉండబట్టలేక అడిగేసింది. "ఆమె మీద నమ్మకం లేదా అన్నా?"

పురుషోత్తం అర్థం కానట్టు చూశాడు. "నమ్మకమేంది చెల్లె? సూడకుంటె ఎట్ల మరి?"

ఆమె స్టాండును అట్టపెట్టెలో పెట్టసాగింది. మాజిద్ గొంతు సవరించుకుని, సరిగ్గా ఎన్ని రోజులకు వేయాలని అడిగాడు. అక్కడే పురుషోత్తం తడబడ్డాడు. పని నచ్చితే ఇంకో మూడు రోజులు ఉండమంటారట, మూడు పెద్ద పలకలు చేసే పని దొరుకుతుందట. ఒప్పుకోవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదట.

"ఇంటామెను అడిగి చెప్త. ఆడ్నే ఉన్నది, బస్టాండు గేటు కాడ, సామాను పెట్టుకొని."

"గీ బస్సుల మోతల నువ్వెంత ఒర్లినా ఆమెకు ఇనవడది. ఫోన్ గొట్టు," అన్నాడు మాజిద్.

పురుషోత్తం అప్పటికే బయటి మెట్టు మీద ఉన్నాడు. పాపం ఆ ఇల్లాలు ఎట్లా ఉంటుందో చూద్దామని సబా కూడా గుమ్మం దాకా వచ్చింది. వరంగల్ బస్సొకటి హారన్ కొడుతూ అడ్డంగా పోయింది. అది దాటాక, రోడ్డు అవతల సంచుల పక్క నుంచి ఆకుపచ్చ చీరలో ఒకామె లేచి నిలబడింది. పురుషోత్తం జేబులోంచి ఫోను తీయలేదు, కేక వేయలేదు. రెండు చేతులూ పైకెత్తి వేళ్లు తిప్పుతూ ఏదో అడిగాడు. అవతల ఆమె చేతులు గబగబా కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. చివరికి ఒక అరచేయి గుండె మీద ఆనింది.

అతను ఆమె మీది నుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"పన్నెండు దినాలకే ఎయ్యన్నా. ఊరు మొత్తం మీద నా చేతుల ముచ్చట నీకొక్కనికే తెలుస్తది గదా అంటున్నది."