పేరు తీసేసిన స్కాన్

తలుపు తట్టకుండానే ఒక పెద్దావిడ లోపలికి తొంగిచూసింది.

కొత్తమ్మాయికి చిర్రెత్తుకొచ్చింది.

ఆమె చేరింది ఆసుపత్రి అడుగు అంతస్తులోని ప్లానింగ్ గదిలో. క్యాన్సర్ గడ్డ మీద రేడియేషన్ ఏ వైపు నుంచి, ఎంత డోసు పడాలో కంప్యూటర్‌లో లెక్క కట్టే ఉద్యోగం. గడ్డకు తగ్గకూడదు, పక్కనున్న వెన్నుపాముకు హద్దు మీరకూడదు. చెప్పడానికి ఎంతసేపు!

చేరినప్పటి నుంచీ ఒకే స్కాన్‌తో కుస్తీ పడుతోంది. ఎవరో కుర్రాడి తల, మెడ, కళ్లు మూసుకున్న ముఖం. పేరు తీసేసి, నేర్చుకునేవాళ్ల కోసం ఉంచారు. ఈ పూట ఆ ప్లాన్‌ను సీనియర్ చేత సరే అనిపించుకుంటే రేపటి నుంచి నిజమైన పేషెంట్లను ఇస్తారు. లేకపోతే ఇంటికే.

ఆ సీనియర్ మీటింగులో ఇరుక్కుపోయాడు. వెన్నుపాము దగ్గర డోసు ఎంతకీ దిగడం లేదు. సరిగ్గా అప్పుడే ఈ పెద్దావిడ.

ఓపీ పైన ఉందని చెప్పింది కొత్తమ్మాయి. ఓపీ కోసం కాదంది ఆవిడ. సారు లేరని చెప్పినా, ఫరవాలేదంటూ ఇంకాస్త లోపలికే వచ్చింది. చూపంతా తెర మీదే ఉంది.

“దీని మీదేనా అమ్మా, నేర్చుకుంటున్నావు?”

“అవునండీ.”

“కుదురుతోందా?”

ఈవిడకెందుకీ ఆరాలు అనుకుంటూ కొత్తమ్మాయి తెర ఆపేసింది.

“కాసేపు చూడొచ్చా తల్లీ?”

“చూడ్డానికి ఏముందండీ. ఇది మనిషి కాదు, ప్రాక్టీసు బొమ్మ. పాడుచేసినా అడిగేవాళ్లు లేరు.”

ఆవిడ బాగా నేర్చుకోవాలమ్మా అని మాత్రం చెప్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

పీడ విరగడైందనుకుని కొత్తమ్మాయి మళ్లీ పనిలో పడింది. ఒక కిరణాన్ని కాస్త పక్కకు తిప్పేసరికి మొండికేసిన డోసు దిగివచ్చింది. ఎగిరి గంతేసినంత పని చేసింది.

సీనియర్ వచ్చి, ప్లానంతా ఓపిగ్గా చూశాడు. బాగుందన్నాడు. రేపు మొదటి పేషెంటును ఇస్తానన్నాడు. ఆ తర్వాత, ఒక పెద్దావిడ రావాలే, వచ్చిందా అని అడిగాడు.

వచ్చిందనీ, తెర ఆపేసి పంపించేశాననీ, తానన్న మాటతో సహా చెప్పింది. మెచ్చుకుంటాడనుకుంది.

ఆయన ముఖం పాలిపోయింది. ఆవిడ ఇవాళే ఊరు వదిలి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోందట. ఒక్కసారి రానివ్వమని అడిగితే, ఈయనే రమ్మన్నాడట.

కొత్తమ్మాయి మెట్లెక్కి పరిగెత్తింది. గేటు దగ్గర లేదు. బస్టాపులోనూ లేదు. ఎందుకో తెలియకుండానే ఏడుపొచ్చింది.

తిరిగొచ్చేసరికి సీనియర్ ఆ తెర ముందే కూర్చుని ఉన్నాడు.

“ఎవరు సార్ ఆవిడ?”

“అప్పట్లో ప్లాన్లు వేయడానికి నేనొక్కణ్ణే. ఒక కుర్రాడి వంతు వచ్చేసరికి ఆలస్యమైపోయింది. బతకలేదు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు.”

కొత్తమ్మాయి తెర వైపు తిరిగింది.

“ఇంకొకరికి ఆలస్యం కాకూడదని కొడుకు స్కాన్ మీకోసం ఇచ్చేసిన మనిషి, వెళ్లేముందు వాడి ముఖం ఒక్కసారి చూసుకుందామని వచ్చిందమ్మా.”