వదులు కోటు

"పిస్తోలు పెట్టినట్టు బయటికి తెలీకూడదంటక్కా," అంటూ తమ్ముడు బాబ్జాన్ కొత్త చలికోటు నా మిషను మీద పెట్టాడు.

షరఫియా పేటలో ఇంట్లోనే బట్టలు కుడతాను. వాడు కఫీలు దగ్గర, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న అరబ్బు యజమాని దగ్గర, డ్రైవరు. మరునాడు ఆయనతో తబూక్ ఎడారికి వాడి ప్రయాణం.

"లైసెన్సుందా మీ కఫీలుకు?"

"ఉంటే నాకెందుకిస్తాడు? ఎండాకాలం చొక్కాలో దాగదని ఊరుకున్నాడు. ఇప్పుడు కోటుంది గదా."

"పోలీసులు చూస్తే జైలుకు పొయ్యేది నువ్వురా."

"కాదంటే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తాడు. కుట్టక్కా, నమాజు టైమైతాంది నీకు."

అసర్ నమాజు చేసుకుని వచ్చి, లోపలివైపు జేబు కుట్టి ఇచ్చాను.

మరునాడు దారిలోంచి ఫోను చేశాడు. "కండ్లు పోయినాయా నీకు? గుండీలు పెడితే పిస్తోలు ఉబ్బి కనపడతాంది. బయల్దేరేముందే కఫీలు చూసి, తిట్టి, తీసేసుకున్నాడు."

"వయసైపోయింది నాయనా," అన్నాను. కావాలనే కోటు పక్కలు బిగించానని చెప్పలేదు. మనసులో అల్లాకు షుక్రియా చెప్పుకున్నాను.

"ఇప్పుడు ఆయన దగ్గరే ఉందా?"

"ఆయన పెట్టుకుంటాడా? స్వామికిచ్చినాడు. మాకు వంట చేసేటాయన, నిజామాబాదాయన. పాపం, వాళ్ళింటికి ఆయనొక్కడే ఆధారం. ఆయన కోటు బాగా వదులు, పిస్తోలు అస్సలు కనపడదు."

మగ్రిబ్ నమాజు అయ్యాక, ఎప్పటిలాగే తమ్ముడి కోసం దువాకు చేతులెత్తాను. ముఖమైనా చూడని స్వామి పేరే ముందు నోటికొచ్చింది; దాన్ని దాటి ముందుకు పోలేకపోయాను.