ఓదెలు గొంతు

పాత రికార్డింగుల నుంచి తయారుచేసిన చనిపోయినవాళ్ల గొంతులు ఇంటింటా పెట్టెల్లో మాట్లాడటం మొదలయ్యాక ప్రభుత్వం చట్టం మార్చింది. పాత పోలీసు ప్రత్యేక దళం చేసిన హత్యలకు ఇక విచారణ అక్కర్లేదు. చనిపోయినవాడు క్షమిస్తే చాలు.

అలా ఓ పొద్దున రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ సుదర్శన్ చిన్న పెట్టెతో వచ్చి భూలక్ష్మి ఎదుట కూర్చున్నాడు. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె భర్త ఓదెలు బీడీ కార్మికుల సంఘం నాయకుడు. పంతొమ్మిదేళ్ల కింద సుదర్శన్ దళం పట్టుకుపోయాక తిరిగి రాలేదు.

"ఆయన గొంతు మా ఇంట్లనే లేదు. మీకెక్కడిది?" అంది.

"సర్కారు దగ్గరుందమ్మా."

సుదర్శన్ మీట నొక్కాడు. "జరిగిందానికి మాఫ్ చెయ్యి, ఓదెలూ."

"మాఫ్ చేసిన, సార్."

భూలక్ష్మి చేతిలో దారం ఆగింది. నిజంగా ఆయన గొంతే. కానీ ఓదెలు ఎవరినీ సార్ అని ఎరగడు. బీడీ కంపెనీ సేటును కూడా ఏమయ్యా అనేవాడు. ఆ పొగరుకే ఆమె రోజూ తిట్టేది.

చాట పక్కనపెట్టి పెట్టె దగ్గరికి జరిగింది.

"నేను భూలక్ష్మిని. అన్నం తిన్నవా?"

"లేదు, సార్. జర నీళ్లియ్యున్రి, సార్."

ఆ గొంతును వాళ్లు ఏ గదిలో రికార్డు చేశారో ఆమెకు అర్థమైంది.

సుదర్శన్ గబుక్కున మీట ఆపాడు. పెట్టెలోంచి క్షమాభిక్ష కాగితం బయటికి వచ్చింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

భూలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నీళ్లు ఇచ్చినవా?"